కంపెనీ బండి గుద్ది మనిషి పోతే: బెంగళూరులో యజమాని చేత పరిహారం కట్టించడం ఎలా

కదిరి నుంచో, పలమనేరు నుంచో పనికి వచ్చిన మనిషి హోసూరు రోడ్డు పక్కన నడిచి పోతున్నాడు. వెనక నుంచి ఒక కంపెనీ వ్యాను వచ్చి గుద్దింది. ప్రాణం అక్కడికక్కడే పోయింది. ఇంట్లోవాళ్లకు ఆ క్షణాన కనిపించేది డ్రైవర్ ఒక్కడే. అతని జీతం ఎంత, ఆస్తి ఎంత? అతనికి జైలు పడవచ్చు, దానితో పోయినాయన పిల్లల ఫీజులు తీరవు. మీరు పట్టుకోవలసింది అతని చేతికి స్టీరింగ్ ఇచ్చిన యజమానిని, ఆ యజమాని కట్టిన ఇన్సూరెన్స్‌ని.

పనివాడు పని మీద ఉండగా చేసిన నిర్లక్ష్యానికి పని చెప్పినవాడు బాధ్యుడు. ఇది మన కోర్టుల్లో ఎప్పుడో స్థిరపడింది. వర్క్‌షాపు నుంచి తిరిగి తెస్తున్న సర్కారు జీపు గుద్ది ఒక పాదచారి చనిపోతే రాజస్థాన్ ప్రభుత్వమే పరిహారం కట్టాలని 1962లో విద్యావతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ప్రతిసారీ యజమాని దొరకడు. ఓనరు ఒకరికి అప్పగించిన టాక్సీని, అలా తీసుకున్న మనిషి డ్రైవింగ్ టెస్టు కోసమని ఇంకొకరి చేతికిచ్చాడు. ఆ బండి గుద్దితే ఓనరు బాధ్యుడు కాడని 1966లో సీతారాం మోతీలాల్ కేసులో తీర్పు వచ్చింది. రెండింటికీ తేడా ఒక్కటే: ఆ నిమిషాన బండి ఎవరి పని మీద తిరుగుతోంది? మీరు సేకరించే ప్రతి కాగితమూ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మొదటి రెండు రోజులు

పోస్టుమార్టం లేకుండా శవాన్ని ఊరికి తీసుకెళ్లకండి. రాత్రికి రాత్రి అంబులెన్స్ మాట్లాడుకుని వెళ్లిపోవాలని పెద్దవాళ్లు తొందరపడతారు. ఆ బాధ అర్థమవుతుంది. కానీ పోస్టుమార్టం రిపోర్టు లేకపోతే 'ఈ ప్రమాదం వల్లే చనిపోయాడని రుజువేది?' అని ఇన్సూరెన్స్ లాయరు అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. మనిషి పది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయినా ఇదే సంగతి. అప్పుడు ఇంకో పని కూడా ఉంది. మొదట గాయాల కేసుగా రాసిన ఎఫ్ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ చేర్చారో లేదో స్టేషన్‌లో అడగండి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమవడమే ఆ సెక్షన్.

బెంగళూరులో ప్రమాదం కేసులు ఆ ప్రాంతపు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో నమోదవుతాయి. కంప్లైంట్ ఇచ్చేటప్పుడు మీరు కళ్లతో చూడనిది చూసినట్టు రాయించకండి. చూసినవాళ్లు ఎవరో, వాళ్ల ఫోన్ నంబరేదో రాయించండి. బండి నంబరు, రంగు, దాని మీద ఉన్న కంపెనీ పేరు, స్టిక్కరు, అన్నీ రాయాలి. డోరు మీది ఆ స్టిక్కరును పెద్దగా కనపడేలా ఫోటో తీసుకోండి. తర్వాత 'ఆ బండి మాది కాదు' అని కంపెనీ అన్నప్పుడు ఆ ఫోటో మాట్లాడుతుంది.

ఎఫ్ఐఆర్ కన్నడంలో ఉంటుంది. భయపడనక్కర్లేదు, లిపి మనదానికి దగ్గరే. కూడబలుక్కుని చదివితే నంబర్లు, పేర్లు, సమయం తెలిసిపోతాయి. 'అతివేగ మత్తు అజాగరూకతె' అన్న మాటలు ఉన్నాయా చూడండి. అతివేగంతో, అజాగ్రత్తగా నడిపాడని దాని అర్థం. ఆ మాటలు లేకుండా 'ప్రమాదం జరిగింది' అని మాత్రమే ఉంటే వెంటనే స్టేషన్‌లో రాతపూర్వకంగా మీ అభ్యంతరం ఇచ్చి, అందినట్టు సీలు వేయించుకోండి. బండి నంబరులో ఒక్క అంకె తప్పినా అప్పుడే సరిచేయించాలి. ఆరు నెలల తర్వాత సరిచేస్తే 'వేరే బండిని ఇరికించారు' అనే వాదన పుడుతుంది.

పోలీసుల దగ్గర తీసుకోవలసిన కాగితాలు

ఎఫ్ఐఆర్, కంప్లైంట్, స్థల మహజరు (ప్రమాదం జరిగిన చోట రాసిన పంచనామా), స్కెచ్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన ఐఎంవీ రిపోర్టు, చివరికి ఛార్జ్‌షీటు. ఇవన్నీ ఏ లాయరైనా అడుగుతాడు. స్కెచ్‌లో ఒకటి మీరే చూసుకోవాలి: మనిషి పడిన చోటు రోడ్డు అంచు నుంచి ఎన్ని అడుగులో వేశారా లేదా. అంచుకు ఆనుకుని, మట్టి దారి మీద పడి ఉంటే బండే రోడ్డు దిగి వచ్చిందని తేలుతుంది. అదే రోడ్డు మధ్యలో చూపిస్తే 'అడ్డంగా పరిగెత్తాడు' అని పోయినవాడి మీదికే కొంత తప్పు నెట్టి, పరిహారంలో ఆ మేరకు కోత అడుగుతారు. ఐఎంవీ రిపోర్టులో బ్రేకులు పనిచేశాయని ఉంటే డ్రైవర్ నిర్లక్ష్యం బలపడుతుంది. బ్రేకులు పోయాయని ఉంటే బండిని బాగు చేయించని ఓనరు నిర్లక్ష్యం బయటపడుతుంది. రెండూ మీకు పనికొచ్చేవే.

అన్నిటికన్నా విలువైనదీ, చాలామంది అడగనిదీ ఇంకో కాగితం ఉంది. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద పోలీసులు బండి ఓనరుకు నోటీసు ఇస్తారు: ఫలానా రోజు ఫలానా వేళకు మీ బండి నడిపింది ఎవరు, అతని లైసెన్సు వివరాలేమిటి? దానికి ఓనరు సంతకం చేసి జవాబివ్వాలి. 'మా డ్రైవర్ ఫలానా, మా పని మీద వెళ్తున్నాడు' అని ఆ జవాబులో ఉందంటే సగం కేసు గెలిచినట్టే. తర్వాత కోర్టుకొచ్చి 'ఆ రోజు సెలవులో ఉన్నాడు, చెప్పకుండా బండి తీశాడు' అంటే తన సంతకమే తనకు అడ్డు నిలుస్తుంది. నోటీసు, జవాబు రెండింటి నకళ్లూ తీసుకోండి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు, మోటారు ప్రమాదాల క్లెయిమ్‌లు విచారించే ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ రిపోర్టునే క్లెయిమ్‌గా తీసుకునే వీలు చట్టంలో ఉంది. దాని మీదే ఆధారపడి కూర్చోవద్దని మా సలహా. పోలీసు రిపోర్టులో బండి ఓనరు దాకా వస్తుంది కానీ, ఆ ఓనరు వెనక ఉన్న అసలు యజమాని సాధారణంగా అందులో కనపడడు.

బండి ఎవరి పని మీద ఉందో పట్టుకోవడం

దీన్ని మొదటి వారంలోనే మొదలుపెట్టండి. సీసీటీవీ రికార్డు చాలా దుకాణాల్లో పదిహేను, ముప్పై రోజులకు దానంతటదే చెరిగిపోతుంది, కొన్నిచోట్ల వారానికే. ప్రమాదం జరిగిన చోటుకు రెండు వైపులా ఉన్న పెట్రోలు బంకు, ఏటీఎం, మెడికల్ షాపు, అపార్ట్‌మెంటు గేటు, ఒక్కోటీ తిరిగి కెమెరా ఎటు చూస్తోందో రాసుకోండి. దర్యాప్తు అధికారికి ఆ జాబితాతో అర్జీ ఇవ్వండి. రికార్డు మీ చేతికే ఇస్తే పెన్‌డ్రైవ్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కూడా రాయించుకోవాలి. అది లేకపోతే కోర్టులో ఆ వీడియోను సాక్ష్యంగా తీసుకోవడం దగ్గరే పేచీ మొదలవుతుంది.

అదే వారంలో లాయరు ద్వారా బండి ఓనరుకు, కంపెనీకి ఒక నోటీసు పంపండి. ట్రిప్ షీటు, జీపీఎస్ రికార్డు, ఆ రోజు డ్రైవర్ హాజరు, అతని జీతం చెల్లింపు, ఇవేవీ చెరపకుండా భద్రపరచమని అడగండి. సరుకు బండి అయితే డెలివరీ చలానూ, ఈ-వే బిల్లూ అడగండి. సరుకు విలువ 50,000 దాటితే సాధారణంగా ఈ-వే బిల్లు ఉంటుంది. అందులో బండి నంబరు, సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికన్నది ఉంటాయి. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ టోలో, అత్తిబెలె టోలో దాటి ఉంటే ఫాస్టాగ్ సమయం కూడా పనికొస్తుంది. 'సొంత పని మీద ఊళ్లోకి పోయాడు' అని యజమాని అనొచ్చు. కానీ గోడౌన్ నుంచి బయలుదేరిన వేళ, టోలు దాటిన వేళ, ప్రమాదం జరిగిన వేళ ఒకే దారిలో వరసగా ఉంటే ఆ మాట నిలవదు. కాస్త దారి తప్పి టీ తాగడానికి ఆగినంత మాత్రాన పని మీద లేడని కాదు. బండిని వేరే ఊరికి పెళ్లికి తీసుకెళ్లి ఉంటే మాత్రం వాదన వేరే అవుతుంది.

నోటీసుకు వాళ్లు జవాబివ్వకపోయినా నష్టం లేదు. ట్రిబ్యునల్‌లో కేసు పడ్డాక ఆ కాగితాలు తెప్పించమని పిటిషన్ వేయవచ్చు. ముందే అడిగినా ఇవ్వలేదన్న సంగతి అప్పుడు మీకు కలిసొస్తుంది.

ఎవరెవర్ని ప్రతివాదులుగా పెట్టాలి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. బెంగళూరులో ఐటీ కంపెనీ తన ఉద్యోగులను దించే పనిని ఒక ట్రావెల్స్‌కు ఇస్తుంది. ట్రావెల్స్ ఒక చిన్న ఓనరు దగ్గర కారు అద్దెకు తీసుకుంటుంది. ఆ ఓనరు డ్రైవర్‌ను పెట్టుకుంటాడు. గుద్దింది ఆ కారు. అప్పుడు ఎవరి మీద కేసు?

ముందు రిజిస్టర్డ్ ఓనరు. ఇతన్ని వదలడానికి వీల్లేదు. బండి అమ్మేశానని, కాగితాలు ఇంకా మారలేదని చెప్పినా, ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే బాధ్యులని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఎంపరివాహన్ యాప్‌లో సగం దాచిన పేరు చూసి సరిపెట్టుకోకుండా ఆర్టీఓ నుంచి బి ఎక్స్‌ట్రాక్ట్ తీసుకోండి. ప్రమాదం నాటికి ఓనరు ఎవరు, పర్మిట్, ఫిట్‌నెస్ ఉన్నాయా అన్నవి అందులో ఉంటాయి. బండి మీద బ్యాంకు లోను ఉందని బ్యాంకును లాగకండి. లోను బండికి దాన్ని స్వాధీనంలో ఉంచుకున్నవాడే చట్టప్రకారం ఓనరు.

రెండోది, బండిని తన అదుపులో పెట్టుకుని నడిపించిన సంస్థ. అద్దెకు తీసుకున్న బస్సును తన రూటులో, తన ఆదేశాల మీద తిప్పినప్పుడు రాజస్థాన్ ఆర్టీసీయే బాధ్యత మోయాలని 1997లో కైలాష్‌నాథ్ కొఠారీ కేసులో తేలింది. అందుకే ట్రావెల్స్ ఏ రూటు, ఏ వేళ, ఏ డ్రైవర్ అని చెప్పేదైతే దాన్నీ చేర్చండి. పైనున్న పెద్ద కంపెనీని చేర్చాలంటే డ్రైవర్‌పై దాని అదుపు చూపించే కాగితం, అంటే రోస్టరో, ఒప్పందమో ఉండాలి. పేరు పెద్దదని ఏ ఆధారం లేకుండా లాగితే ఆ కంపెనీ తప్పించుకోవడమే కాక, కేసు ఏడాది పైగా సాగుతుంది.

మూడోది డ్రైవర్. నిర్లక్ష్యం అతనిదే కాబట్టి పేరు ఉండాలి. నాలుగోది ఇన్సూరెన్స్ కంపెనీ. పాలసీ నంబరు, ప్రమాదం నాటికి అది అమల్లో ఉందా అన్నది చూసుకోండి. సిటీ బస్సు గుద్దితే కథ మారుతుంది. ప్రభుత్వ రవాణా సంస్థలకు సొంత నిధి పెట్టుకుని ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు పొందే వీలుంది. అప్పుడు సంస్థే యజమాని, సంస్థే చెల్లించేది.

ఎక్కడ వేయాలి, ఎప్పటిలోగా

బెంగళూరులో మోటారు ప్రమాదాల క్లెయిమ్‌లు స్మాల్ కాజెస్ కోర్టులో నడుస్తాయి. కేసు నంబరు ముందు ఎంవీసీ అని ఉంటుంది. కానీ చట్టం 166వ సెక్షన్ మీకు ఇంకో దారి కూడా ఇచ్చింది: ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. భర్త పోయాక పిల్లలతో పుట్టింటికి, అనంతపురానికో చిత్తూరుకో వెళ్లిపోయిన ఆవిడ అక్కడే వేసుకోవచ్చు. మా అభిప్రాయం ఇది: 133 జవాబు శుభ్రంగా ఉండి, పాలసీ అమల్లో ఉంటే ఊళ్లోనే వేయండి, తిరుగుడు తప్పుతుంది. యజమాని ఎవరన్నదే వివాదమైతే బెంగళూరులో వేయడం మేలు. రికార్డులూ సాక్షులూ ఇక్కడే ఉంటారు, కన్నడ కాగితాలకు అనువాదం అక్కర్లేదు.

ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తుండగా, గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకుని ఆలస్యం చేయకండి. అయిదో నెల దాటకుండా ఫైల్ చేయండి.

పిటిషన్‌లో భార్య, పిల్లలు, తల్లి, తండ్రి, అందరి పేర్లూ ఉండాలి. అత్తాకోడళ్లకు పడక ఎవరైనా కలవకపోతే వాళ్లను ప్రతివాదులుగా చూపించాలి కానీ దాచకూడదు. పేర్ల తేడా ముందే చూసుకోండి. మనవాళ్లకు ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, కంపెనీ రికార్డులో వెనకుంటుంది, పోస్టుమార్టం రిపోర్టులో ఇంటిపేరే ఉండదు. ముగ్గురూ ఒకరేనని తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌తోనూ, అఫిడవిట్‌తోనూ మొదటే చూపించండి.

ఎంత అడగాలి

లెక్క 2009 నాటి సరళా వర్మ, 2017 అక్టోబరు 31 నాటి ప్రణయ్ సేఠీ తీర్పుల ప్రకారం నడుస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. వయసు 32, నెల జీతం 24,000, ఆధారపడినవాళ్లు భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి.

ఏడాదికి 2,88,000. నలభై లోపు వయసు, స్థిరమైన ఉద్యోగం కాకపోతే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 4,03,200. ఆధారపడినవాళ్లు నలుగురి నుంచి ఆరుగురుంటే సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు: 3,02,400. ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదు వయసుకు గుణకం 16: మొత్తం 48,38,400. దీనికి నలుగురికీ తోడు కోల్పోయినందుకు ఒక్కొక్కరికి 48,400, ఆస్తి నష్టానికి 18,150, అంత్యక్రియలకు 18,150 కలిపితే 50,68,300 అవుతుంది. ఈ చివరి మూడు అంకెలూ 2017లో 40,000, 15,000, 15,000గా నిర్ణయించినవి. మూడేళ్లకోసారి పది శాతం పెరుగుతూ ఇక్కడికి వచ్చాయి.

అదే మనిషికి పర్మినెంట్ ఉద్యోగమని చూపించే ఆర్డరు ఉంటే 40 శాతం కాస్తా 50 అవుతుంది, ఆ ఒక్క కాగితంతో 3,45,600 పెరుగుతుంది. అపాయింట్‌మెంట్ లెటర్, కన్‌ఫర్మేషన్ లెటర్ కోసం ఆయన మెయిలూ ట్రంకుపెట్టే రెండూ వెతకండి. మేస్త్రీ పనో, కూలి పనో చేసేవాళ్లకు జీతం కాగితం ఉండదు. వారంవారం డబ్బు పడిన ఫోన్‌పే రికార్డూ, మేస్త్రీ సాక్ష్యమూ పెట్టండి. అవీ లేకపోతే కోర్టు ఏడాదిని బట్టి ఒక ఊహాదాయం తీసుకుంటుంది, అది అసలు సంపాదన కన్నా తక్కువే ఉండొచ్చు. పెళ్లి కానివాడైతే సగం సొంత ఖర్చు కింద పోతుంది. ఎల్ఐసీ డబ్బు వచ్చిందని ఇందులో తగ్గించకూడదు. తగ్గించమని వాదిస్తే 1998 నాటి హెలెన్ రెబెల్లో తీర్పు చూపించమని మీ లాయరుకు గుర్తుచేయండి.

ఎదుటివాళ్లు ఏం చేస్తారు

దినకర్మలు కాకముందే ఎవరో ఒకరు వస్తారు. 'అమ్మా, మా సార్ మంచివాడు, రెండు లక్షలు ఇప్పిస్తాను, ఈ స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టండి.' పెట్టకండి. సంస్కారాలకని డబ్బిస్తే తీసుకోవచ్చు, కానీ రశీదులో 'అంత్యక్రియల సాయం' అని మాత్రమే రాసివ్వండి. 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉన్న కాగితాన్ని ముట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్ వాళ్ల మొదటి ఆయుధం లైసెన్సు. 'కారు లైసెన్సుతో ట్రాన్స్‌పోర్టు బండి నడిపాడు' అంటారు. 7,500 కిలోల లోపు బండికి ఆ వాదన చెల్లదని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. లైసెన్సే నకిలీదైనా, పర్మిట్ లేకపోయినా చాలా కేసుల్లో కోర్టు ఇన్సూరెన్స్ కంపెనీని ముందు మీకు చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటుంది. పాలసీయే లేనప్పుడు మాత్రం మొత్తం బరువు యజమాని మీదే పడుతుంది. అలాంటప్పుడు ఓనరు పూచీకత్తు కట్టేదాకా బండి వదలవద్దని మెజిస్ట్రేట్ కోర్టులో వెంటనే అర్జీ వేయించండి. ఒకసారి బండి బయటికి వెళ్లిపోతే మళ్లీ దొరకదు.

క్రిమినల్ కేసులో డ్రైవర్ నిర్దోషిగా బయటపడ్డాడని మీ క్లెయిమ్ పోదు. అక్కడ అనుమానానికి తావులేని రుజువు కావాలి, ఇక్కడ ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశముందో చూస్తే చాలు.

లాయరు 'వచ్చినదాంట్లో పాతిక శాతం' అంటే ఒప్పుకోవద్దు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. 15100కు ఫోన్ చేయవచ్చు.

పోయినాయన కూడా డ్యూటీలో ఉంటే

డెలివరీకో, సైటుకో పని మీద వెళ్తూ పోయి ఉంటే ఆయన సొంత యజమాని నుంచి ఉద్యోగుల పరిహారం అడిగే దారి కూడా ఉంది. 1923 చట్టంతో మొదలైన ఈ దారి 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. కానీ మోటారు చట్టం 167వ సెక్షన్ ప్రకారం రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. పై ఉదాహరణలోని మనిషికే, నెల వేతనం 15,000 పరిమితి లెక్కన, సగం జీతం 7,500ని 32 ఏళ్ల వయసు గుణకం 203.85తో హెచ్చిస్తే 15,28,875 వస్తుంది. యాభై లక్షలతో పోలిస్తే చిన్నదే. అయితే ఇందులో ఎవరి తప్పో నిరూపించక్కర్లేదు. గుద్దింది ఎదుటి బండి డ్రైవర్ తప్పుతోనైతే ట్రిబ్యునల్‌కు వెళ్లండి. తప్పు పోయినాయనదే అయితే, లేదా అదుపు తప్పి ఆయన బండే బోల్తా పడితే ఈ దారి పట్టండి.

తీర్పు వచ్చాక

వడ్డీ పిటిషన్ వేసిన నాటి నుంచి, సాధారణంగా ఏడాదికి 6 నుంచి 9 శాతం మధ్య వేస్తారు. మైనర్ పిల్లల వాటా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుతారు. మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేయవచ్చు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి అదే రోజు దరఖాస్తు పెట్టండి. యజమాని కట్టకుండా తిప్పుతుంటే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ నుంచి కలెక్టరుకు సర్టిఫికెట్ ఇప్పించండి. దానితో భూమిశిస్తు బకాయిలాగే అతని ఆస్తి మీద వసూలు చేస్తారు. అందుకు అతని గోడౌన్, ఇల్లు, ఇతర బండ్ల నంబర్లు రాసిన జాబితా మీ దగ్గర సిద్ధంగా ఉంచుకోండి. కలెక్టరు కార్యాలయం మొదట అడిగేది అదే.